అమెరికన్ రాక్ బ్యాండ్ బోస్టన్ 2002 ఆల్బమ్‌ను ముంచింది చిన్న లేబులా (రికార్డు కంపెనీ), పాటలా?

బాలాజీకాలనీ_బేస్: 1976లో వచ్చిన మొదటి ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ డెబ్బై లక్షలు అమ్ముడుపోయిన బ్యాండ్ ఇది. అలాంటిది 2002లో ఆర్టెమిస్ అనే చిన్న స్వతంత్ర లేబుల్ మీద ‘కార్పొరేట్ అమెరికా’ తెస్తే అడిగిన నాథుడు లేడు. తప్పు లేబుల్‌దే అంటాను. అదే టైటిల్ పాటను బ్యాండ్ పెట్టిన గిటారిస్టు టామ్ షోల్జ్ ముందుగా మారుపేరుతో ఎంపీ3 డాట్ కామ్ అనే పాటల సైట్‌లో పెడితే, ఎవరిదో తెలియకుండానే జనం ఎగబడి విన్నారు. సరుకు మంచిదే, అంగట్లో పెట్టేవాడే లేడు.

పూతలపట్టు_రాకర్: అన్నా, లేబుల్‌ను తిట్టే ముందు పాటలు లెక్కపెట్టండి. మొత్తం పది. మూడు బ్యాండ్‌లోకి కొత్తగా వచ్చిన ఆంథనీ కాస్మో రాసినవి, ఒకటి అలాగే వచ్చిన కింబర్లీ డామ్ పాడిన అకౌస్టిక్ పాట, చివరిది 1994 నాటి పాటకు లైవ్ వెర్షన్. షోల్జ్ రాసిన కొత్తవి ఐదే! ఎనిమిదేళ్లు ఎదురుచూసినవాళ్లకు ఇదా?

నిన్న చిత్తూరు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. మొదటి పాటలో గిటార్లు పొరలు పొరలుగా లేస్తుంటే ఒళ్లు పులకరించింది. రెండో పాటకే రేడియోలో ఇంకేదో బ్యాండ్ తగిలినట్టు అయింది. చంద్రగిరి దాటకముందే ఆపేశాను. (పక్క సీటాయన ఫోన్‌లో కోడిగుడ్ల బేరం అంతకంటే రంజుగా ఉంది.)

బాలాజీకాలనీ_బేస్: బస్సులో వింటే ఏ పాటైనా అంతే తమ్ముడూ. అందులో మొదటి ఆల్బమ్ నాటి గాయకుడు బ్రాడ్ డెల్ప్ గొంతు ఉంది. 2007లో ఆయన పోయాక ఆ పాటల విలువ పెరిగిందా లేదా?

హాస్టల్_పాతకాపు: 2003లో ఎస్వీయూ హాస్టల్లో దీన్ని సీడీ మీద రాయించుకున్నవాణ్ణి. సీడీ మీద స్కెచ్ పెన్‌తో ‘బోస్టన్ కొత్తది’ అని రాసిపెట్టుకున్నా. నెల తిరక్కుండానే దాన్ని టీ గ్లాసు కింద పెట్టారు మా రూమ్మేట్లు.

అయినా ఇద్దరూ ఒకటి మరిచిపోయారు. 2013 ఆల్బమ్‌లో షోల్జ్ ఆ ఐదింట్లో మూడు పాటలను సవరించి మళ్లీ వేశాడు. తనకే తృప్తి లేకనే కదా? ఎంఐటీలో చదివిన ఇంజినీరు, మిషన్ సరిగా తిరిగితే మళ్లీ విప్పడు.

బాలాజీకాలనీ_బేస్: లేదా, మొదటిసారి ఎవరూ వినలేదనే మళ్లీ వేశాడు. మూడు పాటలు పట్టుబట్టి రెండోసారి తెచ్చాడంటే అవి బాగున్నాయని ఆయన నమ్మినట్టే.

పూతలపట్టు_రాకర్: ఆ మూడూ ఒప్పుకుంటానన్నా. మిగిలిన ఏడూ?