మొదటిసారి తలకు హెన్నా: ఇనుప మూకుడు తప్పనిసరా?

తెనాలి_కోడలు:
నాకు 43 ఏళ్లు. పాపిడి దగ్గర, చెవుల పక్కన బాగా తెల్లబడింది. ఇప్పటిదాకా జుట్టుకి ఏ రంగూ వేయలేదు. వచ్చే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. షాపులో హెన్నా ప్యాకెట్ తెచ్చాను, దాని మీద 'నేచురల్ బ్లాక్' అని ఉంది. ఇనుప మూకుడులో టీ డికాషన్ పోసి రాత్రంతా నానబెట్టాలని పక్కింటి ఆంటీ చెప్పారు. మా ఇంట్లో ఇనుప మూకుడు లేదు. స్టీలు గిన్నె సరిపోదా? మొదటిసారి కదా, టెన్షన్‌గా ఉంది.

పెరటిగోరింట:
ఇనుప మూకుడు తప్పనిసరి అమ్మా. 30 ఏళ్లుగా పెట్టుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను. చిక్కటి టీ డికాషన్ చల్లారాక కలుపు. ఒక నిమ్మచెక్క పిండి, రెండు చెంచాల పెరుగు, నాలుగు మందారాకులు రుబ్బి వెయ్యి. జలుబు తత్వమైతే రెండు లవంగాలు నూరి కలుపు. ముందు రోజే తలంటుకోవాలి, జుట్టుకి నూనె ఉండకూడదు. రెండు గంటలు ఉంచి ఉత్త నీళ్లతో కడుగు. షాంపూ మర్నాడే. స్టీలు గిన్నెలో నానబెడితే ఆ ముదురు రంగు రాదు.

శ్రావణ_మేఘం:
నేను ఎప్పుడూ స్టీలు గిన్నెలోనే. బాగానే పండుతుంది.

పెరటిగోరింట:
పండటం వేరు, ముదరటం వేరు.

ఫార్మసీ_ఒంగోలు:
గిన్నె సంగతి తర్వాత. తెనాలి_కోడలు గారూ, ముందు ప్యాకెట్ తిప్పి వెనక ఏం రాశారో చదవండి. గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్. అది జుట్టులోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని ఎరుపు, నారింజ ఛాయలే ఇస్తుంది. ఒక్క గోరింటాకుతో తెల్లజుట్టు నల్లగా మారదు. 'బ్లాక్' అన్నారంటే అందులో నీలి ఆకు పొడైనా ఉండాలి, పీపీడీ అనే రసాయనమైనా ఉండాలి. నీలి ఆకుతో పెద్ద పేచీ లేదు. పీపీడీ పడనివాళ్లకి మాత్రం ముఖం, కనురెప్పలు వాచిపోతాయి. అదీ ఒక్కోసారి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

పెరటిగోరింట:
ఇనుములో నానితే నల్లబడటం నేను కళ్లారా చూశాను. నా చేతులే సాక్ష్యం.

ఫార్మసీ_ఒంగోలు:
మీరు చూసింది నిజమే. టీలోని టానిన్ ఇనుముతో కలిస్తే ముద్ద నల్లబడుతుంది. అంతమాత్రాన జుట్టు నల్లబడుతుందని కాదు. కాస్త ముదురు ఛాయ వస్తే రావచ్చు. తెల్లవెంట్రుకని నల్లగా మార్చే శక్తి మూకుడుకి లేదు.

పెరటిగోరింట:
మా అమ్మ, మా అమ్మమ్మ అందరూ మూకుడులోనే చేశారు. వాళ్లందరూ పొరపాటు పడ్డారా?

టెక్సాస్_శ్రీ:
ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో నేను రాజస్థాన్ సోజత్ పొడి కొంటాను. సోజత్ మెహందీకి 2021లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపు కూడా వచ్చింది. పదార్థాల జాబితాలో ఆకు ఒక్కటే ఉండాలి, అది చూసే తీసుకుంటాను. నల్లగా కావాలంటే మొదట హెన్నా పెట్టి కడిగి, ఆ తర్వాత విడిగా నీలి ఆకు పొడి పెట్టుకోవాలి. ఓపిక ఉండాలి, సగం రోజు పోతుంది.

గోదారి_గట్టు:
అసలు తెల్లజుట్టు దాచుకోవడం ఎందుకు? నేను మానేసి మూడేళ్లయింది, హాయిగా ఉంది.

తెనాలి_కోడలు:
మీకు ధైర్యం ఉందండీ. పోయిన పెళ్లిలో నన్ను మా అత్తగారి చెల్లెలనుకున్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను.

పెరటిగోరింట:
ఈ కాలంలో ప్రతిదానికీ కెమికల్, ఎలర్జీ అని భయపెట్టడం అలవాటైపోయింది. ఆషాఢం వస్తే ఊరంతా గోరింటాకు రుబ్బుతారు. చంటిపిల్లల అరచేతుల్లో కూడా చుక్క పెడతాం. ఎవరికేమైంది?

ఫార్మసీ_ఒంగోలు:
అయిందండీ. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకి గోరింటాకు పూశాక రక్తకణాలు చిట్లిన కేసులు డాక్టర్లు రాసిపెట్టారు. మనకి తెలియనంత మాత్రాన జరగలేదని కాదు.

పెరటిగోరింట:
చదువుకున్నారని మా పెద్దలందరినీ మూర్ఖులని చేయకండి. గోరింటాకు చలవ. అది ఎవరికీ చెడు చేయదు.

ఫార్మసీ_ఒంగోలు:
సరిగ్గా ఈ మాటే మా ఇంట్లోనూ అన్నారు. 2016లో మా అమ్మ ఒక పార్లర్‌లో హెర్బల్ మెహందీ పెట్టించుకుంది. ఆ రాత్రి తల దురదన్నది. మర్నాటికి నుదురు వాచింది. మా పెద్దమ్మ వచ్చి, గోరింటాకు చలవే, ఒంట్లో వేడి బయటికి పోతోందని చెప్పి మజ్జిగ తాగించింది, చందనం రాసింది. మూడో రోజు తెల్లవారేసరికి అమ్మకి రెండు కళ్లూ తెరుచుకోలేదు. అప్పుడు తీసుకెళ్లాం ఆస్పత్రికి. అప్పటికి నేను ఫార్మసీ చదివి 8 ఏళ్లు. నేనూ నమ్మాను, ఆకే కదా అనుకున్నాను. తను ముందు రోజే నన్ను అడిగింది, 'ఇది మామూలుగానే ఉందా నాన్నా' అని. నేను అవునన్నాను. నేను ఇన్నిసార్లు చెబుతున్నది అందుకే. మీతో వాదించి గెలవాలని కాదు.

శ్రావణ_మేఘం:
అయ్యో. అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఫార్మసీ_ఒంగోలు:
బాగున్నారు. మళ్లీ ఏ రంగూ వేసుకోలేదు.

పెరటిగోరింట:
బాబూ, నువ్వు చెప్పింది రెండుసార్లు చదివాను. మీ అమ్మకి పెట్టింది గోరింటాకు కాదు. గోరింటాకు పేరు చెప్పి ఇంకేదో పూశారు. నేను మాట్లాడుతున్నది నా పెరట్లో కోసుకుని నీడన ఆరబెట్టి జల్లెడ పట్టుకున్న ఆకు గురించి. ఆ చెట్టు మా అత్తగారు నాటింది. రెండేళ్ల కింద కారు పెట్టుకోవడానికి చోటు చాలదని మా అబ్బాయి కొట్టించి సిమెంటు చేయించాడు. మా కోడలు ఆ ఆకు వాసన కంపు అనేది, ఇప్పుడు తనే ప్యాకెట్లు తెచ్చుకుంటుంది. కాబట్టి గోరింటాకుని ఎవరైనా విషమన్నట్టు మాట్లాడితే నాకు మనసు ఊరుకోదు.

ఫార్మసీ_ఒంగోలు:
ఆకుని విషం అనలేదమ్మా. పేరుని నమ్మొద్దన్నాను. అయినా మీ చెట్టు ఆకైనా సరే, మొదటిసారి పెట్టుకునేవాళ్లు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడాలనే చెబుతాను.

పెరటిగోరింట:
నా చెట్టు ఆకుకి పరీక్షా? అది మాత్రం ఒప్పుకోను.

తెనాలి_కోడలు:
ప్యాకెట్ వెనక చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో పి-ఫినైలిన్‌డైయమైన్ అని ఉంది. మీరన్న పీపీడీ అదే. షాపులో తిరిగి ఇచ్చేశాను. మా అమ్మ వాళ్ల ఊరి నుంచి ఆకు తెప్పించుకుంటున్నాను. చెవి వెనక రాసి రెండు రోజులు చూస్తాను, ఏమనుకోకండి పెద్దమ్మగారూ. తెల్లవెంట్రుకలు మరీ నారింజ రంగులోకి వస్తాయా?

టెక్సాస్_శ్రీ:
మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, కంగారు పడకండి. గాలి తగిలి రెండు రోజుల్లో ముదురుతుంది. పెళ్లికి నాలుగైదు రోజుల ముందే పెట్టేసుకోండి.

పెరటిగోరింట:
మూకుడు మాత్రం కొనుక్కో తల్లీ.

ఫార్మసీ_ఒంగోలు:
స్టీలు గిన్నె చాలు.