ధవళేశ్వరం ఆనకట్ట చరిత్రను ఆన్‌లైన్‌లో పద్ధతిగా పరిశోధించడం ఎలా?

ప్రశ్న: కళాశాల పత్రికకు ధవళేశ్వరం ఆనకట్టపై వ్యాసం రాయదలచుకున్నాను. గూగుల్‌లో బోలెడు పేజీలు వస్తున్నాయి గాని, అన్నీ ఒకే పేరాను అటూ ఇటూ మార్చి రాసినట్టున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: ముందు ప్రశ్నను కుదించండి. ఆనకట్ట చరిత్ర మొత్తం ఒక వ్యాసంలో ఇమడదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ పనికి రాయి, సున్నం, కూలీలు ఎక్కడి నుంచి వచ్చారన్నది మాత్రం చేతికందే ప్రశ్న. తర్వాత 1878లో వెలువడిన హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా గ్రంథాన్నీ, 1907 నాటి జిల్లా గెజిటీర్‌నూ (ప్రభుత్వం వెలువరించిన జిల్లా వివరాల గ్రంథం) పాత పుస్తకాల స్కాన్ ప్రతులుండే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో వెతకండి. ఆంగ్లేయులు ఊరి పేరును పలు విధాలుగా రాశారు, పైగా స్కాన్ ప్రతుల్లో యంత్రం అక్షరాలను తప్పుగా చదవడం మామూలే. కనుక సెర్చ్ పెట్టెలో ఏమీ దొరకలేదని వదిలేయక, విషయసూచిక పట్టుకుని పేజీలు తిప్పండి.

జవాబు 2: ఫోటోల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆనాటి ఆంగ్లేయ ఇంజనీరు ఆర్థర్ కాటన్ కట్టించినదంటూ చాలాచోట్ల కనిపించేది 20వ శతాబ్దం చివరి భాగంలో కట్టిన గేట్ల బ్యారేజీ. పాతది నీరు పైనుంచి పొర్లిపోయే రాతి కట్టడం. పది సైట్లు ఒకే మాట చెప్పినా, అవన్నీ ఒకేచోటి నుంచి ఎత్తి రాసినవైతే అది ఒక్క సాక్ష్యమే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. మరి ఆపడం ఎప్పుడు?

జవాబు 1: కొత్తగా తెరిచిన ప్రతి పుస్తకమూ మీరు చదివేసినవాటినే ఉటంకిస్తున్నప్పుడు. అంతవరకు చదివిన పేజీ సంఖ్యనూ, లింకునూ, చూసిన తేదీనీ అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి.