సమస్యాపూరణం: "తలుపు రాచుకొనిన వలపు పెరిగె"

నిర్వాహకులు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి.

తలుపు రాచుకొనిన వలపు పెరిగె

ఐదూ సూర్యగణాలే ('న' అంటే మూడు లఘువులు, 'హ' అంటే గురువు, లఘువు). తలుపు (న), రాచు (హ), కొనిన (న), వలపు (న), పెరిగె (న). 'త'కూ 'వ'కూ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) కుదరదు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడున్నది ప్రాసయతి. తలుపు, వలపు రెండింటిలోనూ రెండో అక్షరం 'ల', దాని ముందున్నది లఘువే. సంధివల్ల 'దలుపు' అయినా ఇబ్బంది లేదు.

సెలవు రోజున ఆలుమగలు కలిసి ఇంట్లో బిగుసుకుపోయిన తలుపు బాగుచేసుకోవడం విషయం. విసుగు పుట్టించాల్సిన తలుపు వలపెలా పెంచిందన్నదే చిక్కు. 'ఆనందము కలిగె' అనేస్తే చిక్కు విప్పినట్టు కాదు. ఇద్దరి చేతులూ పద్యంలో కనబడాలి. ఛందస్సు నేను చూస్తాను, వడ్రంగపు పని వరస బాడిస గారు చూస్తారు. పేర్లన్నీ కలం పేర్లే.

వాసం:

ఆలి రెక్క నెత్తి యదరనీక నిలుప
మగఁడు పైని మేకు మరలఁ ద్రిప్ప
నేలఁ గీచు మూల నిలిచెను చక్కఁగా
తలుపు రాచుకొనిన వలపు పెరిగె

నిర్వాహకులు:
గణాలు సరి. 'ఆ–య', 'నే–ని' యతులు సరి. మూడో పాదంలో ద్రుతం ('నిలిచెను'లోని 'ను') మీద పరుషం ('చ') వచ్చింది, అది సరళం ('జ') కావాలి, 'నిలిచెను జక్కఁగా' అనండి. అసలు దోషం మొదటి మాటల్లో ఉంది. 'ఆలి రెక్క' అనగానే భార్య చెయ్యి అని చదువుకుంటాం, అది తలుపు రెక్క అని నాలుగో పాదం దాకా తెలియదు. 'రెక్క నాలి యెత్తి రెండు చేతులఁ బట్ట' అంటే ఆ అయోమయం పోతుంది.

బాడిస:
పద్యంలో పై మేకు (మరమేకు, అంటే స్క్రూ) సంగతి పట్టుకోవడం బాగుంది. రెక్క బరువు పై బందును (కీలును) దర్వాజా (తలుపు చట్రం) నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నెడుతుంది. అందుకే ముందు వదులయ్యేది పై బందు మేకులే. గొళ్ళెం వైపు కింది మూల నేలను గీకడం దాని ఫలితం.

కాని రెండు చేతులతో ఎత్తిపట్టుకోవడం కుదరదు. చేయి అలిసి రెక్క ఒక్క వెంట్రుకవాసి జారినా మేకు వంకరగా దిగుతుంది. గొళ్ళెం వైపు మూల కింద చెక్క చీల (ఒక కొస పలచగా ఉండే ముక్క) పెట్టి, కాలితో మెల్లగా తోస్తూ రెండు మూడు మిల్లీమీటర్లు లేపాలి. అప్పుడు చేత్తో నిలకడగా ఆనించి ఉంచితే చాలు. బరువు చీల మీద ఉండాలి. మేకు బిగిస్తే రెక్క దానంతట అదే లేస్తుందనుకుంటే, మర కొరికి రంధ్రం పెద్దదవుతుంది.

అప్పటికే మేకు ఊరికే తిరుగుతుంటే అగ్గిపుల్లల మందు తల తుంచి, చెక్క జిగురులో ముంచి, రంధ్రంలో పట్టినన్ని దూర్చాలి. రాత్రంతా ఆరనివ్వాలి. పొడుచుకొచ్చిన కొసలు ఉలితో కోసి, 4 మి.మీ. మేకుకైతే 2.5 నుంచి 3 మి.మీ. తొలి రంధ్రం వేయాలి. మేకులన్నీ ఒకేసారి విప్పకండి, ఒకటి తీసి ఒకటి బిగించండి. ఇంత చేసినా నేల తగులుతుంటే కింది బందు వెనక ఒక మిల్లీమీటరు మందం అట్టముక్క పెట్టండి, గొళ్ళెం వైపు మూల కాస్త లేస్తుంది.

వాసం:
చీల లేకుండా రాయడం నా పొరపాటే. సవరించాను:

చీలఁ ద్రోసి యాలి చెంత రెక్కను బట్ట
మగఁడు పైని మేకు మరలఁ ద్రిప్ప
నేలఁ గీచు మూల నిలిచెను జక్కఁగా
తలుపు రాచుకొనిన వలపు పెరిగె

నిర్వాహకులు:
'చీ–చె' యతి హాయిగా పడింది. 'చెంత' అన్న ఒక్క మాటతో వలపుకు చోటు దొరికింది. నా సవరణకంటే ఇదే మేలు.

దూలం:

ఎచటఁ దగులు నంచు నిరుకున వెదుకఁగ
భార్య పట్టె దీపము భర్త చూడ
వెలుఁగు రాని చోటె వేలితోఁ జూపంగ
తలుపు రాచుకొనిన వలపు పెరిగె

నిర్వాహకులు:
రెండో పాదంలో గణభంగం. 'దీప' దగ్గర సూర్యగణం ముగిసింది, 'ము' మిగిలిపోయి తర్వాతి గణాన్ని చెడగొట్టింది. 'దివ్వె' అంటే తీరిపోతుంది: భార్య పట్టె దివ్వె భర్త చూడ.

బాడిస:
పద్ధతి సరైనదే. ఒకరు గది చీకటి చేసి లోపల, ఇంకొకరు దీపంతో బయట. వెలుగు గీత తెగినచోట తగులుతున్నట్టు. పగటిపూట చేసేవాళ్ళు కాగితం ముక్కను సందులో జరిపి చూడవచ్చు. ఇది ఒంటరిగా చేయలేని పని, సమస్యకు అందుకే బాగా అతికింది.

గడప:

ముసురు పట్టి చెక్క మూల మూలల నుబ్బ
సుద్దఁ బూసి యంచుఁ జూపె సుదతి
గీఁత వఱకె మగఁడు గీసెఁ జిత్రికతోడ
తలుపు రాచుకొనిన వలపు పెరిగె

నిర్వాహకులు:
రెండో పాదం చాలా ఇష్టమైంది. 'సు–జూ' యతి చూసి తప్పనుకునేవాళ్ళుంటారు. చవర్గానికీ శ, ష, స లకూ యతి చెల్లుతుంది, ఉకార ఊకారాలు కూడా కలిశాయి. మూడో పాదంలో నుడికారం దెబ్బతింది. చిత్రికతో (చెక్క పొరలు తీసే పనిముట్టుతో) గీయం, చిత్రిక పడతాం.

బాడిస:
సుద్ద పూసేది రెక్క అంచుకా, దర్వాజాకా? దర్వాజాకు పూసి తలుపు ఒకసారి మూసి తెరిస్తే, తగిలేచోట రెక్క అంచుకు తెల్లగా అంటుకుంటుంది. చెక్కాల్సింది రెక్కను కాబట్టి గుర్తు రెక్క మీద పడాలి. పద్యంలో 'అంచుఁ జూపె' అని ఉంది, అర్థం చెడలేదు.

అడ్డపట్టీ ఉన్న తలుపులో, నిలువు చెక్కల కొసలు పై అంచులోనూ కింది అంచులోనూ బయటపడతాయి. అక్కడ చిత్రికను ఒక మూల నుంచి రెండో మూల దాకా తోసుకుపోతే చివర్లో చెక్క చీలి ముక్క లేచిపోతుంది. రెండు మూలల నుంచీ మధ్యకు రావాలి. ఆ జాగ్రత్త పద్యంలోకి వస్తే బాగుండు.

ఇంకో సంగతి. ముసురులో ఉబ్బిన తలుపును ముసురులోనే తనివితీరా చెక్కకండి. ఎండలు రాగానే చెక్క కుదించుకుని సందు పెద్దదవుతుంది. తగిలే మేరకే సన్నటి పొరలు తీసి, ప్రతి రెండు మూడు పొరలకూ మూసి చూడాలి. చుట్టూ 2 నుంచి 3 మి.మీ. సందు చాలు. పచ్చిగా బయటపడ్డ అంచును ఆరాక తప్పకుండా ప్రైమరుతోనో వార్నిషుతోనో మూసేయాలి. తలుపు మళ్ళీ మళ్ళీ ఉబ్బడానికి ముఖ్యకారణం రంగు వేయకుండా వదిలేసిన పై అంచు, కింది అంచు. కింది అంచుకు పూయాలంటే రెక్క విప్పి పడుకోబెట్టాల్సిందే, దానికి ఇద్దరు కావాలి.

గడప:
మూడో పాదం ఇలా మార్చాను: 'చెక్క చీలకుండఁ జిత్రికఁ బతి పట్టఁ / దలుపు రాచుకొనిన వలపు పెరిగె'. మొదటి పాదంలో ఉన్న 'చెక్క' మళ్ళీ వచ్చింది, ఒప్పుకుంటారా?

నిర్వాహకులు:
ఒప్పుకుంటాను. 'చెక్క చీలకుండ'తో మొదలై చిత్రికతో నడిచిన పాదం అది, తీసేస్తే బలం పోతుంది. 'పట్టఁ దలుపు' సంధి కూడా సక్రమం.

చెక్కపొట్టు:
'రాచుకొను'కు రుద్దుకోవడం అనే అర్థం తీసుకున్నాను.

పాత రంగు పెచ్చు పతి గీక, సతి వెన్క
నుప్పు కాగితమున నొప్పుగాను
దుమ్ము దులిపి మాటదొంతరలను బేర్చి
తలుపు రాచుకొనిన వలపు పెరిగె

నిర్వాహకులు:
ఇప్పటిదాకా తలుపే రాచుకుంది. ఇక్కడ దంపతులు తలుపును రాచుకున్నారు, పాదంలో ఒక్క అక్షరం కదలకుండానే. ఈ విరుపు కోసమే ఎదురుచూశాను. 'ఒప్పుగాను' మాత్రం యతి కోసం వచ్చిన వ్యర్థపదం.

బాడిస:
'ఒక్క దిశగ' అంటే యతీ నిలుస్తుంది, పనీ నిలుస్తుంది. ఉప్పుకాగితం చెక్క నార వెంటే నడవాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనబడవు, వార్నిషు పడ్డాక లేచి కనిపిస్తాయి. ముందు గరుకైన 80 నంబరు, తర్వాత 120, చివర నునుపైన 220. కాగితం మార్చిన ప్రతిసారీ దుమ్ము తుడవకపోతే ముందరి కాగితం గరుకు రేణువులు మిగిలి కొత్త గీతలు పెడతాయి. మీరు 'దుమ్ము దులిపి'ని రాచడానికి ముందు పెట్టడం అందుకే సరిపోయింది. ఏళ్ళ నాటి రంగైతే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకుండా, తడికి ఆగే కాగితంతో తడిపి రుద్దాలి. ఇద్దరూ సన్నటి దుమ్మును ఆపే మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

చెక్కపొట్టు:
తీసుకున్నాను.

పాత రంగు పెచ్చు పతి గీక, సతి వెన్క
నుప్పు కాగితమున నొక్క దిశగ
దుమ్ము దులిపి మాటదొంతరలను బేర్చి
తలుపు రాచుకొనిన వలపు పెరిగె