కరందాష్‌లో ఆ సున్న ఎక్కడిది?

రష్యన్ కవి పుష్కిన్ పద్యనవల ‘యెవ్గేనీ అనేగిన్’ ఏడో అధ్యాయం. అనేగిన్ లేని ఇంట్లో తత్యానా అతని పుస్తకాలు తిరగేస్తుంటే అంచుల్లో పెన్సిలు గీతలు కనబడతాయి. పాదం చివర ‘కరందషా’ అని ఉంటుంది, ముందు మాటలు గుర్తుకు రాక వేధిస్తోంది. ఎవరికైనా నోటికి వచ్చా? పనిలో పని: రష్యన్ కరందాష్ (పెన్సిలు) తుర్కీ మాటే కదా, అంటే టర్కిష్, కజఖ్ వగైరాల కుటుంబానిది. ‘కర’ నలుపు, ‘దాష్’ రాయి. మధ్యలో సున్న ఎందుకొచ్చింది?

— రష్యన్ మాటల పుట్టుక చెప్పే ఫాస్మర్ నిఘంటువు కూడా నల్లరాయి దగ్గరే ఆగింది. నేను మాత్రం ‘కలమ్‌దాష్’ అంటాను. మన కలమే, అరబ్బీది. దకారం ముందు మకారం నకారమవడం ఎంత సహజం!

— సున్న తీరింది సరే మాస్టారూ, లకారం రేఫ ఎలా అయింది?

— రలయోరభేదః. ర, ల లకు తేడా లేదు.

— అది మన ఆలంకారికులు ఇచ్చుకున్న వెసులుబాటు. తుర్కీ భాషలకు చెల్లదు. అసలు ‘కరిందాష్’ను ఎవరూ తలచుకోరేం? ‘కరిన్’ కడుపు, ఇక్కడి ‘దాష్’ రాయి కాదు, తోడు. అచ్చంగా మన ‘సహోదర’. టర్కిష్ ‘కర్దెష్’ దాన్నుంచే వచ్చింది. కజఖ్‌లో మగవాడికి చెల్లెలు ‘కరిందాస్’, పెన్సిలు ‘కరిందాష్’. తోబుట్టువు మాటకు అలవాటుపడ్డ నోళ్లే నల్లరాయిలో నకారం దూర్చాయని నా నమ్మకం.

— కజఖ్ పెన్సిలు రష్యన్ నుంచి తిరిగి వెళ్లిందండీ. దాన్ని సాక్ష్యానికి పిలవకూడదు.

— పాదం ఇదిగో: ‘చెర్తీ యివో కరందషా’. తర్వాతి పాదం ‘దుషా’తో, అంటే ఆత్మతో ముగుస్తుంది. తుర్కీ సరుకుకు స్లావ్ ఆత్మను ప్రాసగా కట్టిన కవి! ఆ పద్యంలో గోటి నొక్కులున్నాయి, శిలువ గుర్తుంది, ప్రశ్నార్థకపు కొక్కెముంది. మనిషి ఎదుట లేకుండానే మనసు చదివించాడు. ఇంత చక్కని పద్యం పెట్టుకుని సున్న లెక్కపెడుతున్నాం.

— మాస్కోలో పుట్టి ఫ్రాన్సులో బొమ్మలు గీసిన ఎమాన్యుయేల్ పొయిరే ఈ మాటనే ‘కారన్ దాష్’ అని సంతకం చేశాడు. 1924లో జెనీవా పెన్సిళ్ల కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. సెర్బియన్ ‘జెప్’ మన జేబే, రష్యన్ ‘సుందూక్’ మన సందుగే. ఇవీ చర్చించాలి.

— వాటిలో తగువేముంది? ‘ఉత్యూగ్’ (ఇస్త్రీపెట్టె) చూడండి. టర్కిష్‌లో నేడది ‘ఉతు’. పాత గకారం రష్యన్‌లో నిలిచింది. అప్పు తెచ్చుకున్న భాష అంత పదిలంగా దాచగలిగినప్పుడు, సున్నను రష్యన్ చేర్చిందనో జారిందనో ఎలా అంటాం? ఇచ్చిన యాసలోనే ఉండి ఉండాలి.

— అయితే ఆ యాస ఏదో చూపించండి.