ఉమ్మెత్తాకు పొగతో మెదడు దెబ్బతింటుందా?

మాది చిత్తూరు దగ్గర పల్లె. మా నాయనకు 68 ఏళ్లు, ఉబ్బసం ఉంది. ఎవరో చెప్పారని ఎండిన ఉమ్మెత్తాకు బీడీలా చుట్టి పీలుస్తున్నాడు. ఆయాసం తగ్గుతున్న మాట నిజమే. కానీ రాత్రిళ్లు నోరు పిడచగట్టి, కంటిపాపలు పెద్దవై, లేని మేకల్ని అదిలిస్తున్నాడు. తెల్లారి అడిగితే ఏమీ గుర్తుండదు.

ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపోలమైన్ అనే విషపదార్థాలు మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయని చదివాను. ఒక్కో చెట్టులో ఒక్కో మోతాదట, అదే నా భయం. వద్దంటే "శివుడికి పెట్టేదేరా, ఏం చేస్తాది" అంటాడు!

మానేస్తే ఈ మరుపు పోతుందా, నిలిచిపోతుందా? ప్రోస్టేట్ సమస్య కూడా ఉంది, ఈమధ్య మూత్రం సరిగ్గా రావడంలేదు. అదీ దీనివల్లేనా? తిరుపతికి తీసుకెళ్తే ముందు ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాలా, నరాల డాక్టరుకా? తెలిసినవాళ్లు చెప్పండి.