ఇంటి తాకట్టుకు భార్య సంతకం: లాయరు ఇచ్చే కాగితం ఎవరిని కాపాడుతోంది?

పాతదస్తావేజు:
ఇంగ్లాండ్‌లో భర్త వ్యాపార అప్పుకు ఇద్దరి పేరున ఉన్న ఇంటిని తాకట్టు పెట్టాలంటే, 2001 నాటి ఎట్రిడ్జ్ తీర్పు ప్రకారం ఒక లాయరు భార్యకు అన్నీ విడమరిచి చెప్పాలి. భర్త పక్కన ఉండకూడదు. చెప్పానని బ్యాంకుకు రాసివ్వాలి. ఆ కాగితం చేతికొస్తే ఇక బ్యాంకుకు దాదాపు ఢోకా లేదు. నన్నడిగితే అది కాపాడేది బ్యాంకునే, భార్యను కాదు. సంతకం పెట్టమని భర్త ఒత్తిడి పెట్టేది ఇంట్లో. లాయరుతో అరగంట మాట్లాడితే అది పోతుందా?

కౌంటరు:
పోతుందని ఆ తీర్పూ అనలేదండీ. తప్పు చేసింది భర్త. అనుమానించాల్సిన పరిస్థితి ఉండి కూడా బ్యాంకు పట్టించుకోకపోతేనే దాని మీదకు వస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య ఏం జరిగిందో బ్యాంకే తేల్చుకోవాలంటే ఇంటి మీద అప్పు పుట్టదు, చాలా చిన్న వ్యాపారాలకు ఉన్న ఆధారం అదే. 1993 ఓబ్రయన్ కేసు చూడండి. తాకట్టు 60,000 పౌండ్లకే, అదీ మూడు వారాలకే అని భర్త నమ్మించాడు. ఆమె చదవకుండా సంతకం పెట్టింది. చదివి చెప్పే మనిషి ఒకరుంటే ఆ అబద్ధం అక్కడే బయటపడేది.

పాతదస్తావేజు:
అబద్ధానికి సరే. "సంతకం పెట్టకపోతే నీ వల్లే మునిగిపోయా" అనే మాటకు మందేది? ఆవిడకు అంతా అర్థమైంది, అయినా కాదనలేకపోయింది. పైగా భర్త తరఫు లాయరే భార్యకూ సలహా ఇవ్వొచ్చని ఎట్రిడ్జ్ ఒప్పుకుంది. నాకు మండేది అక్కడే.

మూడోపక్షం:
మీరిద్దరూ భర్త అప్పుకు భార్య పెట్టే హామీ సంతకం గురించే మాట్లాడుతున్నారు. అప్పే ఇద్దరి పేరున తీసుకుంటే? 1993లోనే పిట్ కేసు వచ్చింది. కాగితాల్లో మరో ఇల్లు కొనడానికని ఉంది, భర్త డబ్బు షేర్లలో పోశాడు. ఒత్తిడి రుజువైనా భార్య ఓడిపోయింది, బ్యాంకుకు అది మామూలు ఉమ్మడి అప్పులాగే కనిపించింది కాబట్టి. 2025లో అక్కడి సుప్రీంకోర్టు కొంత సరిదిద్దింది. ఉమ్మడి అప్పులో మరీ స్వల్పం కాని భాగం ఏదైనా ఒకరి సొంత బాకీకే పోతోందని బ్యాంకుకు తెలిస్తే, ఎట్రిడ్జ్ జాగ్రత్తలన్నీ తీసుకోవాల్సిందే. పెళ్లి కాకుండా కలిసి ఉండేవాళ్లకూ అంతే.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. భార్య కేసు గెలిచిందే అనుకుందాం. తాకట్టు నుంచి బయటపడేది ఆమె వాటా మాత్రమే. భర్త వాటా మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. ఉమ్మడి ఆస్తి తగవులకు వర్తించే 1996 చట్టం కింద ఇల్లు అమ్మించమని అది కోర్టుకు వెళ్లొచ్చు. కోర్టు సరే అంటే ఆమెకు దక్కేది వాటా డబ్బు, ఇల్లు కాదు. అందుకే కేసుకన్నా సంతకానికి ముందు జరిగేదే ముఖ్యం.

కౌంటరు:
దీనికి ఒప్పుకుంటాను. ఆమెకు ఘోరమైన అన్యాయం జరుగుతోందని కళ్లకు కట్టినట్టు కనిపిస్తే లాయరు తప్పుకోవాలని ఎట్రిడ్జ్‌లోనే ఉంది. కానీ అంత స్పష్టంగా ఎన్నిసార్లు కనిపిస్తుంది?

పాతదస్తావేజు:
అయితే భార్యకు వేరే లాయరు తప్పనిసరి చేయండి.

కౌంటరు:
ఫీజు ఎవరు కడతారు?

పాతదస్తావేజు:
అప్పు ఎవరికి కావాలో వాళ్లే.