సెలవులకు ఊరొచ్చి లీవ్ వేకెన్సీలో పాఠం చెప్తే తప్పా?

ఉగ్గాని బజ్జి:
మాది ఆదోని. అనంతపురంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నా. సెమిస్టర్ పరీక్షలయ్యాక మూడు వారాలు సెలవులని ఇంటికొచ్చా. వచ్చిన రెండో రోజే నేను పదో తరగతి దాకా చదివిన ప్రైవేటు బడి నుంచి హెచ్‌ఎం సార్ ఫోన్ చేశారు. లెక్కల సారు బండి మీంచి పడి కాలు విరిగిందట, ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఎవరూ లేరట. "నువ్వు ఖాళీనే కదా, రా నాయనా" అన్నారు. మూడు వారాలకు ఆరు వేలు. సరేనన్నా.

మా వీధిలో ఒకాయన ఉన్నాడు. బీఈడీ చేసి ట్యూషన్లు చెప్పుకుంటాడు, నేను మామా అని పిలుస్తా. మొన్న శనివారం మా నాన్నను మార్కెట్ యార్డు దగ్గర ఆపి, "మీవాడు సరదాకు పోయి మా నోటికాడ కూడు లాక్కున్నాడు" అన్నాడంట. అప్పట్నుంచి ఆయన ఇంటి ముందు నుంచి బడికి పోవాలంటే ఇబ్బందిగా ఉంది. సందు చుట్టూ తిరిగి పోతున్నా.

బీఈడీ లేనివాడు, మూడు వారాల్లో వెళ్ళిపోయేవాడు క్లాసులో నిలబడొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

డీఎస్సీ బాధితుడు:
మొహమాటం లేకుండానే చెప్తా. మీ మామ అన్నది నిజం. బీఈడీ 2015 నుంచి రెండేళ్ళు అయింది. ఆ రెండేళ్ళకు ఫీజు కట్టి, టెట్ రాసి, డీఎస్సీ కోసం కూర్చున్నవాళ్ళం మేము. 2018 తర్వాత మళ్ళీ పరీక్ష జరిగింది 2025లోనే. మధ్యలో 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి, పరీక్ష లేకుండానే పోయింది. 2025లో 16,347 పోస్టులన్నారు, నాకు తృటిలో తప్పింది. ఇన్నేళ్ళూ మేం ఎట్లా బతికామనుకున్నావ్? ఎవరో మేడమ్ కాన్పుకు పోతే ఆర్నెల్లు, ఎవరో సారు ఆపరేషన్‌కు పోతే నెల. నాకు నెలకు పన్నెండు వేలు ఇచ్చిన బళ్ళు ఉన్నాయి. సెలవులకొచ్చిన పిల్లలు మూడు వారాలకు ఆరు వేలంటే ఎగిరి గంతేసి ఒప్పుకుంటుంటే, నన్ను ఎవరు పిలుస్తారు?

ఇంకోటి, లెక్కలు రావడం వేరు, లెక్కలు చెప్పడం వేరు. నీకు వచ్చని నువ్వే అనుకుంటే ఎట్లా?

కారందోసె:
అన్న కోపం సరైనదే కానీ చూపించే దిక్కు తప్పు. రేటు తగ్గించింది కుర్రాడా, కరస్పాండెంటా? నేనూ డిగ్రీలో ఉండగా ఒక వేసవి మా ప్రొద్దుటూరులో ఒక బళ్ళో నెలరోజులు చెప్పా. డబ్బులు అడిగితే "మన ఊరి పిల్లలకు చెప్పినందుకు డబ్బులేంది అబ్బీ" అని టీ తాగించి పంపారు. టీ మాత్రం బాగుండింది. తమ్ముడూ, ఆరు వేలు ఎప్పుడిస్తారో ముందు కాగితం మీద రాయించుకో.

సుద్దముక్క:
నేను ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నా, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మన దగ్గర టీచర్ సెలవు పెడితే బదులు రావడానికి సిద్ధంగా ఉండే మనుషుల జాబితా ఏదీ ఉండదు. హైస్కూల్లో అయితే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్. అంటే లెక్కల పీరియడ్‌లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు పోయి కూర్చోవడం, పిల్లలు గోల చేయకుండా చూడటం. ప్రాథమిక పాఠశాలలో ఒక్కరే టీచరుంటే సీఆర్పీని, అంటే చుట్టుపక్కల కొన్ని బళ్ళను కలిపిన క్లస్టర్‌కు ఉండే రిసోర్స్ పర్సన్‌ను పంపుతారు, ఆ సీఆర్పీకి క్లస్టర్ పనులు ఎన్నో. విద్యా హక్కు చట్టం లెక్కలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే బడి సగమైపోయినట్టే.

నా రెండో కాన్పుకు 180 రోజుల సెలవు తీసుకున్నా. తిరిగొచ్చాక ఏడో తరగతి పిల్లల నోట్సు తెరిస్తే, నేను ఆపిన చాప్టర్ దగ్గరే తేదీ ఆగిపోయి ఉంది. మిగతా పేజీలు తెల్లగా ఉన్నాయి. నాకు హక్కుగా వచ్చిన సెలవే, అయినా ఆ తెల్ల పేజీలు చూసి తల దించుకున్నా. అందుకే ఎవరో ఒకరు వచ్చి చెప్పడం మేలంటాను.

అర్హత మాట కూడా కొట్టిపారేయలేం. ఎనిమిదో తరగతి దాకా చెప్పాలంటే ఏ అర్హత ఉండాలో నిర్ణయించిన ప్రకారమే టీచర్లను పెట్టుకోవాలని ఆ చట్టంలోనే 23వ సెక్షన్ ఉంది. అది ప్రైవేటు బళ్ళకూ వర్తిస్తుంది. కాబట్టి బాబూ, బీఈడీ చేసిన మనిషి అదే వీధిలో ఉండగా నిన్ను పిలవడం హెచ్‌ఎం తప్పు. పిలిస్తే వెళ్ళడం నీ తప్పు కాదు.

ఉగ్గాని బజ్జి:
థ్యాంక్స్ మేడమ్. బాధితుడన్నకు జవాబు: నాకు చెప్పడం వచ్చని నేనూ అనుకోవట్లేదు. మొదటి రోజు స్టాఫ్‌రూమ్‌లో మా పాత తెలుగు సారు ఎదురుగా కుర్చీలో కూర్చోలేక గంట కొట్టేదాకా నిలబడే ఉన్నా. క్లాసులోకి పోతే పిల్లలు "అన్నా, ఈ ఆదివారం మ్యాచ్ ఉందా?" అన్నారు. సగం మంది మా గ్రౌండ్‌లో నాతో ఆడేవాళ్ళే. సార్ అనిపించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఎనిమిదో తరగతిలో (a+b)² ఎంతంటే అందరూ ఒకే గొంతుతో a²+b² అన్నారు. బోర్డు మీద మూడుసార్లు చేసి చూపించా. తలలూపారు. మళ్ళీ అడిగితే మళ్ళీ a²+b². అప్పుడు బెంచీలు పక్కకు జరిపించా. కిందంతా బేతంచెర్ల బండలు, చదరంగా పరిచినవి. ఐదు బండల పొడవు, ఐదు బండల వెడల్పు సుద్దతో గీత గీసి, మూడు దగ్గర అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీశా. మొత్తం లెక్కపెట్టమంటే ఇరవై ఐదు. మూడు వర్గం తొమ్మిది, రెండు వర్గం నాలుగు, కలిపితే పదమూడు. "మిగతా పన్నెండు బండలు ఎవరెత్తుకపోయారు?" అన్నా. ఒక పిల్ల గీతల్లోకి దూకి ఒక మూలన ఆరు, ఇంకో మూలన ఆరు కాలితో తట్టి చూపించింది. 2ab అని నేను చెప్పలేదు, వాళ్ళే చెప్పారు. బీఈడీలో ఇది నేర్పిస్తారేమో నాకు తెలీదు, నేను మాత్రం భయంతో చేశా.

డీఎస్సీ బాధితుడు:
బండల లెక్క బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్ల వచ్చే నెల డౌట్ అడగడానికి నువ్వుండవు కదా.

తుంగభద్ర:
నేను కోసిగి వైపు పల్లె నుంచి. మీరంతా టౌన్ మాటలు మాట్లాడుతున్నారు. మా ఊరికి ఆరు వేలకూ ఎవరూ రారు, పన్నెండు వేలకూ రారు. జనవరి వచ్చిందంటే మా దగ్గర సుగ్గి. మిరపకాయలు కోయడానికి ఇంటికి తాళాలేసి గుంటూరు వైపు పోతారు, పిల్లల్ని కూడా తీసుకపోతారు. సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నా అందరూ నిలవరు. పోయిన ఏడాది మా బళ్ళో ఒక టీచర్ సెలవులో ఉంటే, డిగ్రీ చదివే మా ఊరి అమ్మాయి సెలవులకొచ్చి జీతం లేకుండా నెలరోజులు చెప్పింది. మా పిల్లల్లో కొందరు ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ రెండూ రానివాళ్ళకు ఆ అమ్మాయి కన్నడంలో చెప్పింది. ఏ బీఈడీ సారు చెప్తాడు?

అయితే ఒక మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఆ అమ్మాయి వచ్చిన రోజు మా చిన్నోడు అడిగిన మొదటి ప్రశ్న "అక్కా, నువ్వెన్ని రోజులుంటావ్?". వాడికప్పటికే అలవాటైపోయింది.

కారందోసె:
ఈ మాటకు నా దగ్గర జోకు లేదు.

ఉగ్గాని బజ్జి:
అప్‌డేట్. నిన్న సాయంత్రం సందు చుట్టూ తిరక్కుండా నేరుగా మామ ఇంటికే పోయా. ముందు మాట్లాడలేదు. అత్త కాఫీ ఇచ్చాక, "నిన్ను అనాలని కాదురా, పోయిన నెలే ఆ హెచ్‌ఎం దగ్గరికి పోయి పనేమైనా ఉంటే పిలవమని చెప్పొచ్చా" అన్నాడు. ఆ సంగతి నాకు తెలీదు.

ఈ రోజు హెచ్‌ఎం సార్‌తో చెప్పా, నేను పోయాక లెక్కల సారు వచ్చేదాకా మామను తీసుకోండని. "ఆయన పన్నెండు అడుగుతాడు" అన్నారు. "నాకిచ్చే రేటు తప్పు సార్" అని నోటిదాకా వచ్చింది, అన్లేకపోయా. ఎంతైనా నాకు ఎక్కాలు నేర్పిన సారు. చివరికి పది వేలకు ఒప్పుకున్నారు. మామ ఇంకా ఊ అనలేదు, ఆలోచిస్తా అన్నాడు. ఏ క్లాసుకు ఎక్కడిదాకా అయింది, ఎవరికి ఏది రావట్లేదు అని ఒక నోట్‌బుక్‌లో రాసి ఆయనకే ఇస్తా.

డీఎస్సీ బాధితుడు:
పదికి ఒప్పుకోవద్దని చెప్పు మీ మామకు.

సుద్దముక్క:
ఆ నోట్‌బుక్ సంగతి సరే. పిల్లల హోంవర్క్ నోట్సులు దిద్దావా?

ఉగ్గాని బజ్జి:
ఎనిమిదో తరగతివి అయ్యాయి మేడమ్. తొమ్మిదిలో ఇంకా ఇరవై మూడు ఉన్నాయి. రేపు ఆదివారం కదా, మ్యాచ్ మానేసి కూర్చుంటా.